లేత చెట్ల పెరుగుదల కొలవడం – 4వ పాఠం: వేడినీ పదునునూ విడదీసి చదవడం

గత పాఠంలో మొక్క ఎత్తు కొలిచాం. ఈసారి కాండం మొదలు దగ్గరి మందం, నేల పదును (మట్టిలోని తేమ) కొలుద్దాం. ఈ రెండూ చేతికి అలవాటైతే, వేడి పెరిగినప్పుడు లేత చెట్లు ఏపుగా ఎదుగుతాయా, గిడసబారతాయా అన్నది మీ నోట్‌బుక్ నుంచే చదవగలుగుతారు.

ముందు మందం. నేల నుంచి 2 సెంటీమీటర్ల ఎత్తులో కాండం మీద పెయింట్‌తో సన్నని గీత పెట్టండి. వెర్నియర్ కాలిపర్‌తో ఆ గీత దగ్గర ఒకసారి, దానికి అడ్డంగా తిప్పి ఇంకోసారి కొలిచి, సగటు రాయండి. కాండం పూర్తి గుండ్రంగా ఉండదు కాబట్టే రెండుసార్లు. గీత తప్పితే అంకె తప్పుతుంది, అందుకే పెయింట్ వెలిసిపోకముందే మళ్ళీ దిద్దుకోవాలి.

ఎత్తు ఉండగా మందం ఎందుకు? మేక కొరికితే ఎత్తు ఒక్క పూటలో సగమైపోతుంది, మొదలు మందం అలాగే ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మన టేకు అడవుల్లో చిన్న మొక్కల పైభాగం ఎండాకాలంలో పూర్తిగా ఎండిపోయి, వానలు పడ్డాక వేరు దగ్గర నుంచి కొత్త కొమ్మ లేస్తుంది. అలాంటి మొక్క కనిపిస్తే ‘మళ్ళీ చిగురించింది’ అని తేదీ వేసి, కొలతలు కొత్త వరుసలో మొదలుపెట్టండి. పాత వరుసకు కలిపితే పెరుగుదల కాస్తా తరుగుదలగా కనిపిస్తుంది.

ఇప్పుడు లెక్క. ఆరు నెలల్లో ఒక మొక్క 4 మిల్లీమీటర్ల నుంచి 6కి, ఇంకోటి 10 నుంచి 12కి లావెక్కిందనుకుందాం. రెండూ 2 మిల్లీమీటర్లే పెరిగాయి. కానీ మొదటిది తన ఒంట్లో సగం అదనంగా సంపాదించింది, రెండోది ఐదో వంతు మాత్రమే. ఫోన్ కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే ‘ఎల్ఎన్’ (ln) బటన్ కనిపిస్తుంది. చివరి కొలతను మొదటి కొలతతో భాగించి ఆ బటన్ నొక్కండి. మొదటి మొక్కకు 0.41, రెండోదానికి 0.18 వస్తాయి. వేర్వేరు సైజుల మొక్కలను పోల్చేటప్పుడు ఈ అంకెనే వాడాలి.

ఇక వేడి సంగతి. ఉష్ణోగ్రత పెరిగితే చల్లని ప్రాంతాల్లో ఆకు పని, అంటే ఎండతో ఆహారం తయారుచేసుకోవడం, చురుకవుతుంది, చిగురు ముందే వస్తుంది, ఎదిగే కాలం పొడవవుతుంది. అంతవరకూ లాభమే. దాంతోపాటే గాలి దాహం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర గాలి పట్టగలిగే ఆవిరి పీడనం దాదాపు 3.17 కిలోపాస్కల్స్ (పీడనం కొలిచే ప్రమాణం), 28 డిగ్రీల దగ్గర 3.78. గాలిలో నిజంగా ఉన్న ఆవిరి 1.9 దగ్గరే ఆగిపోయిందనుకోండి. అప్పుడు లోటు 1.27 నుంచి 1.88కి, అంటే ఒకటిన్నర రెట్లకు చేరుతుంది. పెరిగింది మూడే డిగ్రీలు! ఆ లోటును గాలి ఆకుల నుంచీ మట్టి నుంచీ లాగేసుకుంటుంది. నేలలో పదును ఉంటే మొక్క తట్టుకుంటుంది. లేకపోతే నీళ్ళు పోకుండా పత్రరంధ్రాలు మూసుకుంటుంది. అవి మూస్తే కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు, ఆహారం తయారీ తగ్గిపోతుంది. పెద్ద చెట్టు వేరు లోతు నుంచి నీరు తెచ్చుకోగలదు. లేత మొక్క వేరు ఉండేది అన్నిటికంటే ముందు ఎండిపోయే పైపొరలోనే.

దీన్ని అడవిలోనే పరీక్షించిన చోటు ఒకటుంది. అమెరికా ఉత్తరాన మిన్నెసోటా రాష్ట్రంలోని క్లోకే, ఈలీ అనే రెండు చోట్ల, అక్కడి విశ్వవిద్యాలయం బృందం లేత చెట్ల మీద వేడినిచ్చే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు, మట్టిలో వేడి తీగలు పెట్టింది. పైన కప్పు లేదు, చుట్టూ గాజు గోడలు లేవు. ఎండ, వాన, గాలి అన్నీ మామూలుగానే తగులుతాయి. కొన్ని గడుల్లో మాత్రం వానను తగ్గించారు. 2018లో ప్రచురించిన ఫలితాల్లో 11 జాతులను చూస్తే, నేల తడిగా ఉన్నప్పుడు అదనపు వేడి సగటున ఆకు పనిని పెంచింది, పొడిగా ఉన్నప్పుడు తగ్గించింది. అదే వేడి, అవే జాతులు, ఫలితం మాత్రం తలకిందులు. ఈ పాఠమంతటికీ పట్టు ఇక్కడే ఉంది.

2022లో వచ్చిన ఐదేళ్ళ ఫలితాలు నన్ను ఎక్కువగా కలవరపెట్టాయి. 9 జాతులు, దాదాపు 4,600 మొక్కలు. 1.6 డిగ్రీల వేడి పెరిగినా అన్ని జాతుల్లోనూ చావులు ఎక్కువయ్యాయి. పెరుగుదల విషయంలో రెడ్ మేపుల్, షుగర్ మేపుల్ ఏపుగా పెరిగాయి, బాల్సమ్ ఫర్, వైట్ స్ప్రూస్, వైట్ పైన్ బాగా వెనకబడ్డాయి. ఈ మొక్కల్లో బతికి బట్టకట్టినవే కదా యాభై ఏళ్ళ తర్వాత అక్కడి అడవి!

ఊరటనిచ్చే అంకె కూడా ఒకటి అక్కడే తేలింది. వేడి పెరిగితే ఆకుల శ్వాసక్రియ కూడా పెరిగి, చేసుకున్న ఆహారం ఖర్చయిపోతుందన్న భయం ఉండేది. మూడు డిగ్రీలకు పైగా వేడిలో పెరిగిన మొక్కల్లో ఆ పెరుగుదల సగటున 5 శాతమే. ఆకులు వేడికి అలవాటు పడకపోయి ఉంటే అది 23 శాతం ఉండేది.

దీపాలు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో గమనించండి. ఎండలో ఉన్న మొక్కనూ నీడలో ఉన్న మొక్కనూ పోల్చి తేడా వేడిదే అంటే కుదరదు, వాటి మధ్య వెలుతురు కూడా మారిపోయింది. మన దగ్గర దీపాలు లేవు కాబట్టి అభ్యాసం ఇలా చేద్దాం. ఒకే జాతి, ఒకే వయసు, ఒకే ఎండ తగిలే మొక్కలు పది ఎంచుకోండి. వేపైనా, కానుగైనా సరే. వేసవి మొదట్లో చీటీలు తీసి ఐదింటికి వారం వారం నీళ్ళు పెట్టండి, మిగతా ఐదింటిని వానకే వదిలేయండి. ఏ ఐదన్నది మీరు ఏరితే, తెలియకుండానే బలమైనవాటి వైపు చెయ్యి పోతుంది.

పదును కొలవడానికి మొక్కకు జానెడు దూరంలో 10 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి తూకం వేయండి. ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర ఒక రోజు ఆరబెట్టి మళ్ళీ తూచండి. 120 గ్రాములు 100కి వస్తే పదును 20 శాతం, అంటే పోయిన బరువును ఎండు బరువుతో భాగించాలి. ఓవెన్ లేకపోతే మట్టిని గుప్పిట్లో నొక్కి, ముద్ద నిలిచిందా, పొడిగా రాలిందా రాయండి. మోటుగా ఉన్నా పనికొస్తుంది, ప్రతిసారీ ఒకే మనిషి నొక్కాలి.

నోట్‌బుక్‌లో ఒక్కో వరుసకు తేదీ, మొక్క నంబరు, మందం, ఎత్తు, ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత, పదును ఉండాలి. పదును గడి ఖాళీగా ఉన్న వరుసను లెక్కలోకి తీసుకోవద్దు. చనిపోయిన మొక్కను మాత్రం కొట్టేయకండి, కనిపించిన తేదీ రాసి అలాగే ఉంచండి. 5వ పాఠంలో ఆ వరుసలతోనే బతికిన వాటి శాతం లెక్కకడతాం.