చలి మొదలయ్యేలోగా గాలి కొలతలు సరిచూసుకోండి

కాలనీలోనో బడి ఆవరణలోనో గాలి నాణ్యత సెన్సర్లు పెట్టుకున్నవారు సాధారణంగా కళ్లు మండిన రోజునే వాటివైపు చూస్తారు. ఆ అంకెను నమ్మాలో వద్దో తేల్చుకోవడానికి అప్పుడు తీరిక ఉండదు. నగరాల్లో గాలి ఎక్కువగా పాడయ్యేది చలికాలంలోనే. రాత్రి నేల చల్లబడుతుంది, నేలనంటి ఉన్న గాలీ చల్లబడుతుంది. దానిపైన వెచ్చని గాలి పొర పరుచుకోవడంతో కిందిది పైకి లేవలేదు. వాహనాల పొగ, చెత్త మంటలు, జనరేటర్ల మసి అన్నీ పొద్దెక్కేదాకా అక్కడే పేరుకుంటాయి. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను కమ్మి వేలమందిని బలిగొన్న బొగ్గు పొగమంచుకూ ఇలాంటి వాతావరణమే కారణం.

చలికి నెల ముందే సెన్సర్లన్నిటినీ దించి ఒకేచోట పక్కపక్కన పెట్టి, వారం పదిరోజులు నడవనివ్వండి. దీన్ని చాలామంది దండగ పనిగా చూస్తారు. నా దృష్టిలో ఇది చేయనివారు మిగతావి చేసినా ఫలితం తక్కువే. ఒకే గాలిని పీల్చే పరికరాలు దాదాపు ఒకే అంకె చూపాలి. ఒకటి మాత్రం ఎప్పుడూ ఎక్కువగానో తక్కువగానో చూపుతుంటే దాని లోపలి గాలి మార్గం తెరిచి చూడండి. సాలెగూడు, పురుగు, పేరుకున్న దుమ్ము, వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. అధికారిక కొలత కేంద్రం దగ్గర్లో ఉండి, అనుమతి కూడా దొరికితే కొన్నాళ్లు అక్కడే ఉంచి తేడా రాసుకోండి. రెండు సెన్సర్లు ఒకదానితో ఒకటి ఏకీభవించినంత మాత్రాన రెండూ నిజం చెబుతున్నట్టు కాదు.

చవక సెన్సర్లు ధూళిని తూకం వేయవు. కణాల మీద పడి చెదిరిన కాంతిని బట్టి లెక్క కడతాయి. తేమ బాగా పెరిగినప్పుడు కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, పొగమంచు బిందువులు కూడా ధూళిలా కనిపిస్తాయి. అందుకే మంచు పట్టిన తెల్లవారుజామున అంకె ఒక్కసారిగా ఎగబాకితే, పక్కనే తేమ శాతం చూడకుండా ఎవరినీ కంగారు పెట్టకండి. వీటి పీఎం 10 అంకెను, అంటే 10 మైక్రాన్ల (మైక్రాను మిల్లీమీటరులో వెయ్యోవంతు) వరకు ఉండే ధూళి కొలతను, నేనైతే అసలు లెక్కలోకి తీసుకోను. ముతక ధూళిని అవి సరిగా పట్టలేవు. పీఎం 2.5కు, అంటే 2.5 మైక్రాన్ల వరకు ఉండే సన్నని ధూళికి మాత్రం పనికొస్తాయి.

అమర్చే చోటు విషయంలో వంటగది పొగ గొట్టం, జనరేటర్, ఏసీ బయటి యూనిట్ దరిదాపుల్లో వద్దు. గోడ మూలలూ దట్టమైన చెట్ల కిందా వద్దు. మనిషి ఎత్తుకు కాస్త పైన, గాలి ధారాళంగా ఆడేచోట బిగించండి. మేడ అంచున బిగించాల్సి వస్తే ఒంటరిగా ఎక్కవద్దు, కరెంటు తీసేయకుండా తీగలు ముట్టుకోవద్దు. కరెంటు పోయిన గంటలు పట్టికలో సున్నాలుగా చేరకుండా చూసుకోండి. ఆ సున్నాలు సగటును కిందికి లాగి, చెడ్డ రోజును మంచి రోజుగా చూపిస్తాయి.

అంకె చదవడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. గాలి నాణ్యత సూచీ కాలుష్యాలన్నిటి మొత్తం కాదు, వాటిలో అన్నిటికన్నా చెడ్డదాని స్థాయి. పైగా ఒక్కో దేశానికి ఒక్కో కొలమానం. పీఎం 2.5 రోజు సగటు ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములుంటే భారతదేశ సూచీ ‘సంతృప్తికరం’ అంటుంది, అమెరికా సూచీ సున్నితమైనవారికి హానికరం అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల ప్రకారమైతే ఏడాదిలో మూడు నాలుగు రోజులు తప్ప అది 15 దాటకూడదు. మీ ఫోనులోని యాప్ ఏ కొలమానం వాడుతోందో ఇప్పుడే చూసి పెట్టుకోండి. వీలైతే సూచీని పక్కన పెట్టి మైక్రోగ్రాములే చూడండి.

ఉద్గారాల వైపు మన చేతిలో ఉన్నది మన వాహనమే. పెట్రోలు బండిని పొగ పరీక్షకు తీసుకెళ్లే ముందు కొంతదూరం నడిపి ఇంజిన్ వేడెక్కనివ్వండి. చల్లగా ఉంటే పొగను శుద్ధిచేసే కన్వర్టర్ పని మొదలుపెట్టదు. పొగ గొట్టానికి చిల్లు ఉంటే బయటి గాలి కలిసి అంకె మోసపూరితంగా తగ్గుతుంది. డీజిల్ పరీక్షలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతారు, కాబట్టి ఇంజిన్ ఆయిల్, టైమింగ్ బెల్టు ముందే చూపించుకోండి. మూసిన షెడ్డులో మాత్రం ఇంజిన్ నడపవద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పరీక్ష నెగ్గిన బండి రోడ్డు మీదా శుభ్రంగా ఉంటుందన్న భరోసా లేదు. ప్రయోగశాలలో ఒకలా, రోడ్డు మీద మరోలా నడిచే సాఫ్ట్‌వేర్‌ను ఫోక్స్‌వాగన్ తన డీజిల్ కార్లలో పెట్టిన సంగతి 2015లో బయటపడింది. కొన్ని పరిస్థితుల్లో వాటి నైట్రోజన్ ఆక్సైడ్లు అనుమతించిన దానికి 40 రెట్ల వరకు ఉన్నాయని తేలింది.

చివరగా, ఏ అంకె దాటితే ఏం చేయాలో ముందే కాగితం మీద రాసుకోండి: పిల్లల ఆటలు ఎప్పుడు ఆపాలి, ఉబ్బసం ఉన్నవారికి ఎవరు ఫోను చేయాలి, ముఖానికి బిగుతుగా కూర్చునే ఎన్95 మాస్కులు ఎక్కడున్నాయి. గుడ్డ మాస్కు పీఎం 2.5ను పెద్దగా ఆపదు. చెత్త తగలబెడుతుంటే ఫిర్యాదు చేయాల్సిన నంబరు కూడా అదే కాగితం మీద ఉండాలి. ఆ నంబరు పనిచేస్తోందో లేదో ఇప్పుడే ఒకసారి కలిపి చూడండి.