మార్చిలో పాలసీ కొనే ముందు ఒక్కసారి లెక్క వేయండి

కిందటి మార్చిలో మా తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, పాలసీ తీసుకున్నాను, ఏడాదికి అరవై వేలు, ట్యాక్స్ తగ్గుతుందట" అన్నాడు. ఆదాయపు పన్ను లెక్కకు రెండు విధానాలున్నాయి కదా, నువ్వు కొత్త విధానంలో ఉన్నావా, పాత విధానంలోనా అని అడిగితే వాడికి తెలియదు. జీతం స్లిప్ పంపించమని చూస్తే కొత్తదే. కొత్త విధానంలో 80సి (బీమా, పొదుపు మీద పన్ను తగ్గించే సెక్షన్) మినహాయింపే ఉండదు, అంటే ఆ అరవై వేల వల్ల వాడికి ఒక్క రూపాయి పన్ను కూడా తగ్గదు. ఈ మాట పాలసీ అమ్మినాయన వాడికి చెప్పలేదు. పాలసీ కాగితాలు చేతికొచ్చిన 30 రోజుల్లోపు వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయొచ్చు కాబట్టి వాడు బయటపడ్డాడు. ఆ గడువు దాటిపోయాక నన్ను అడిగినవాళ్లూ ఉన్నారు, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఉద్యోగుల సంగతి. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు, ఆపైన ప్రతి 4 లక్షలకూ 5, 10, 15, 20, 25 శాతం చొప్పున పెరుగుతూ 24 లక్షలు దాటిన దానిపై 30 శాతం పడుతుంది. పన్ను వేసే ఆదాయం 12 లక్షల లోపుంటే రిబేట్ (పన్ను మాఫీ) వల్ల కట్టాల్సింది సున్నా. జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (జీతంలోంచి నేరుగా తీసేసే మొత్తం) ఉంది కాబట్టి 12.75 లక్షల జీతం దాకా పన్ను ఉండదు. 12 లక్షలు కాస్త దాటితే మొత్తం పన్ను మీద పడిపోతుందని చాలామందికి భయం. అలా జరగదు, ఆదాయం 12,10,000 అయితే పన్ను ఆ దాటిన పదివేలకు మించదు, దానిపై సెస్ (పన్ను మీద పడే అదనపు పన్ను) అంతే. అయితే షేర్లు అమ్మిన లాభంపై వేరే రేటుతో పడే పన్నుకు ఈ రిబేట్ వర్తించదు, అక్కడ మాత్రం జాగ్రత్త.

మరి పాత విధానం ఎవరికి లాభం? 15 లక్షల జీతం తీసుకుని లెక్క వేద్దాం. కొత్తదాంట్లో సెస్‌తో కలిపి 97,500 అవుతుంది. పాతదాంట్లో కూడా అంతే రావాలంటే, 50,000 స్టాండర్డ్ డిడక్షన్ కాకుండా ఇంకా దాదాపు 5.44 లక్షల మినహాయింపులు చూపించాలి. 80సి కింద 1.5 లక్షలు, ఎన్‌పీఎస్ (పింఛను పథకం) 50,000, ఆరోగ్య బీమా 25,000, ఇంటి రుణం వడ్డీ 2 లక్షలు, అన్నీ నిండుగా వాడినా 4.25 లక్షలే. అంటే పెద్ద అద్దె కట్టి హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) మినహాయింపు కూడా తీసుకుంటే తప్ప పాతదానికి అర్థం లేదు. బీమా కావాలంటే కుటుంబం కోసం తీసుకోండి, అది మంచిదే. పన్ను కోసం మాత్రం వద్దు.

ఇప్పుడు నాకు అసలు చెప్పాలనున్నది, చిన్న వ్యాపారుల సంగతి. దుకాణం నడిపేవాళ్లకు 44ఏడి అని ఒక సెక్షన్ ఉంది. టర్నోవర్ 2 కోట్ల లోపుంటే (నగదుగా వచ్చింది 5 శాతం మించకపోతే 3 కోట్ల దాకా) లెక్కల పుస్తకాలు రాయకుండా, ఆడిట్ లేకుండా, టర్నోవర్‌లో ఇంత శాతం లాభం అని చూపించి రిటర్న్ వేయొచ్చు. నగదుగా వచ్చిన దానిపై 8 శాతం, యూపీఐ, బ్యాంకు ద్వారా వచ్చిన దానిపై 6 శాతం. ఈ రెండు శాతం తేడాను చాలామంది తేలిగ్గా తీసేస్తారు.

1.8 కోట్ల టర్నోవర్ ఉన్న దుకాణం చూడండి. అంతా నగదే అయితే లాభం 14.4 లక్షలు, కొత్త విధానంలో పన్ను సెస్‌తో 99,840. అంతా యూపీఐ, బ్యాంకు అయితే లాభం 10.8 లక్షలు, రిబేట్ లోపలే కాబట్టి పన్ను సున్నా. సరుకు అదే, గిరాకీ అదే, గల్లాలో డబ్బు పడిన దారి ఒక్కటే మారింది! కానీ రాత్రి గల్లా లెక్కపెట్టి ఆ నోట్లు బ్యాంకులో జమ చేసినంత మాత్రాన 6 శాతం వర్తించదు, కొన్నవాళ్లే బ్యాంకు ద్వారా ఇవ్వాలి. అప్పు పెట్టిన బాకీలు కూడా రిటర్న్ గడువులోపు బ్యాంకు ద్వారా వసూలైతే 6 శాతమే. వ్యాపారానికి వేరే ఖాతా పెట్టుకోండి, ఇంటి ఖర్చులు అందులో కలపొద్దు, లేదంటే ఏది అమ్మకం డబ్బో ఏది బంధువు తిరిగిచ్చిన చేబదులో ఏడాది చివర్లో మీకే తెలియదు. ఇంకో మాట, 6, 8 అనేవి కనీసం మాత్రమే, నిజంగా ఎక్కువ లాభం వస్తే ఎక్కువే చూపించాలి. ఒకసారి ఇందులో చేరి ఐదేళ్లలోపు తక్కువ లాభం చూపించి బయటికొస్తే, మళ్లీ ఐదేళ్ల దాకా లోపలికి రానివ్వరు.

కమీషన్, బ్రోకరేజీ మీద బతికేవాళ్లకు ఇది లేదు. డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, అకౌంటెంట్లలాంటి వృత్తులవాళ్లకు 44ఏడిఏ ఉంది, వచ్చిన దాంట్లో సగం ఆదాయంగా చూపిస్తే చాలు, పరిమితి 50 లక్షలు, నగదు 5 శాతం లోపుంటే 75 లక్షలు.

వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు పాత విధానం కావాలంటే గడువులోపే ఫారం 10-ఐఈఏ ఇవ్వాలి. ఉద్యోగుల్లా ఏటా అటూ ఇటూ మారే వీలు వీళ్లకు లేదు. ఈ లెక్కన పాతదానికి వెళ్లి కొత్తదానికి తిరిగొస్తే, మళ్లీ వెనక్కి వెళ్లే దారి లేదు.

అడ్వాన్స్ ట్యాక్స్, అంటే ఏడాది ముగియక ముందే కట్టే పన్ను, మర్చిపోవద్దు. టీడీఎస్ (చెల్లించేవాళ్లే ముందుగా కోసే పన్ను) పోను కట్టాల్సింది 10,000 దాటితే ఇది ఉంటుంది. 44ఏడి, 44ఏడిఏ వాళ్లకు నాలుగు వాయిదాల టెన్షన్ లేదు, మార్చి 15 లోపు ఒక్కసారి కడితే చాలు. రిటర్న్ వేసే ముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఏఐఎస్ (మీ ఆదాయం గురించి శాఖ దగ్గరున్న వార్షిక వివరాల పట్టిక) తెరిచి, ఎఫ్‌డీ వడ్డీ, షేర్ల అమ్మకం, టీడీఎస్ అన్నీ మీ లెక్కతో పక్కపక్కన పెట్టి చూసుకోండి. అక్కడ కనిపించి మీ రిటర్న్‌లో లేని వడ్డీ రెండు వేలైనా నోటీసు రావచ్చు.

2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమలు కాబట్టి, ఆ తర్వాతి ఆదాయానికి ఈ సెక్షన్ల నంబర్లు వేరేగా కనిపిస్తాయి. 2025-26 రిటర్న్‌కు మాత్రం నేను చెప్పిన పాత నంబర్లే.