సైన్స్ డే లేజర్ ప్రయోగం: నూనె మీదికి వంగొద్దు

ఫిబ్రవరి 28 దగ్గరపడిందంటే కాలేజీల్లో లేజర్లు బయటికొస్తాయి. ఈసారి ఒక కాలేజీలో రిహార్సల్‌లోనే ఓ అబ్బాయికి చూపు మధ్యలో మచ్చ పడింది, అందుకే రాస్తున్నా. లేజర్‌లోకి సూటిగా చూడకూడదని అందరికీ తెలుసు. ఆ అబ్బాయీ చూడలేదు. లేజర్ తగిలిన చోట నూనె మీద గుంట ఎలా పడిందో చూద్దామని వంగాడు, నూనె వెనక్కి కొట్టిన వెలుగు కంట్లో పడింది, అంతే.

ప్రయోగం ముచ్చటగానే ఉంటుంది, కాదనను. రంగు కలిపిన నూనెని పలుచగా పోసి లేజర్ కొడితే అక్కడ వేడెక్కి తలతన్యత (నూనె పైపొర బిగువు) తగ్గుతుంది, చుట్టూ ఉన్న చల్లటి భాగం నూనెని తనవైపు లాక్కుంటుంది, మధ్యలో గుంట పడుతుంది. కాంతి ఒత్తిడికే నీటి ఉపరితలం ఉబ్బుతుందని 1973లో ఆర్థర్ ఆష్కిన్ అనే భౌతిక శాస్త్రవేత్త వాళ్లు చూపించారు గానీ దానికి వాళ్లు వాడింది పల్స్ లేజర్ (క్షణకాలం గట్టిగా మెరిసేది), మన బల్ల మీద జరిగేది వేడి పనే. ఆ గుంట వంగితే కనిపించేది కాదు. వెనక్కి కొట్టిన వెలుగు సీలింగ్ మీద వలయాలుగా పడుతుందే, చూడాల్సింది అది. అయినా వంగుతారు!

"నీళ్లూ నూనేగా, అద్దం కాదుగా" అంటారు. నిటారుగా పడిన కాంతిలో నీళ్లు 2 శాతం వెనక్కి పంపుతాయి. అర వాట్ లేజర్‌కి అది 10 మిల్లీవాట్లు, మామూలు పాయింటర్‌కి ఉండాల్సిన 5 మిల్లీవాట్ల హద్దుకి రెట్టింపు. బాగా ఏటవాలుగా పడితే ఇంకా ఎక్కువ. పైగా బల్ల కదిలితే ఆ వెలుగు ఎటు పోతుందో చెప్పలేం.

వలయాలు రాకపోతే నూనె పొర పలుచన చేయండి, పవర్ పెంచకండి. స్టీలు పళ్ళెం వద్దు. గదిలో లైట్లు వేసే ఉంచండి, చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది. చవక గ్రీన్ లేజర్లలో కొన్ని కంటికి కనపడని పరారుణ కాంతినీ వదులుతాయి, అది పడితే రెప్ప కూడా మూసుకోదు, లేబుల్ మీద రాసింది నమ్మొద్దు. కూలింగ్ గ్లాసెస్ పనికిరావు, ఆ లేజర్ తరంగదైర్ఘ్యానికి సరిపడే కళ్లజోడే కావాలి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. నూనెకి బదులు స్పిరిట్ వాడొద్దు, అంటుకుంటుంది. ఫోన్‌తో వీడియో తీయడానికి కూడా వంగొద్దు. పిల్లల్ని దూరంగా నిలబెట్టండి, వాళ్ల కళ్లు బల్ల ఎత్తులోనే ఉంటాయి. మచ్చ కనిపిస్తే ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, నొప్పి లేదు కదా అని ఆగొద్దు, రెటీనా కాలినా నొప్పి తెలీదు. ప్రదర్శనకి మార్కులేసే జడ్జి గారొచ్చి "ఏదీ, ఆ గుంట చూపించు" అని వంగబోతే ముందు స్విచ్ ఆపండి, మర్యాదలు తర్వాత.