కుక్క గూడు కట్టుకుందాం – 3వ పాఠం: ఎండకు ఆగే కప్పు

పని ఎక్కడిదాకా వచ్చిందో ఒకసారి చూసుకుందాం. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా 30 అంగుళాలున్న నాటు కుక్క కోసం 42 అంగుళాల పొడవు, 30 అంగుళాల వెడల్పు నేల వేశాం. ఇటుకల మీద ఎత్తి పెట్టాం కాబట్టి వాన నీళ్లు కిందనుంచి పోతాయి, చెదలు ఎక్కితే కంటికి కనిపిస్తాయి. గోడలు నిలబెట్టాం. గుమ్మం పొడవు వైపున, ఒక మూలకు జరిపి పెట్టాం. జల్లు కొట్టినప్పుడు కుక్క రెండో మూలకు జరిగి పడుకోవడానికే అలా పెట్టింది. ముందు స్తంభాలు 38 అంగుళాలు, వెనకవి 34. ఇక కప్పు. మన ఎండలకు గూడులో సగం పని కప్పుదే, అందుకే ఈ పాఠం అంతా దాని గురించే.

నేను మొదట కట్టిన గూడుకు నాలుగు వైపులా చెక్క బిగించి, మీద ఒకే ఒక ఇనుప రేకు వేశాను. చూడటానికి ముచ్చటగా ఉండేది. ఏప్రిల్ రాగానే మా నల్లోడు అందులోకి వెళ్లడం మానేశాడు. కుళాయి పక్కన తడి మట్టిలో గుంట తవ్వుకుని అక్కడే పడుకునేవాడు. మొండితనం అనుకుని రెండుసార్లు లోపలికి తోశాను కూడా. ఒక మధ్యాహ్నం రెండు గంటలప్పుడు నేనే తల లోపల పెట్టి చూశాను. మొహానికి సెగ కొట్టింది. రేకు అడుగున చెయ్యి ఆనించలేకపోయాను. వాణ్ణి అందులోకి తోసినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, అరికాళ్ల మెత్తల దగ్గర కొంచెం పడుతుంది. ఒంట్లో వేడి ముఖ్యంగా రొప్పడం వల్లే పోతుంది. నోటిలో, నాలుక మీద తడి ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలి ఆడని గూట్లో కాసేపటికే ఆ ఊపిరి తేమంతా నిండిపోతుంది, ఇక ఎంత రొప్పినా లాభం ఉండదు. కోస్తా ఉక్కలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 104 దాటితే ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. అందుకే మన కప్పు రెండు పొరలు, మధ్యలో గాలి.

ముందు లోపలి పొర. 12 మిల్లీమీటర్ల, తడికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌ను స్తంభాల మీద స్క్రూలతో బిగించండి. మేకులు కొట్టకండి, దీన్ని తరచూ విప్పాల్సి వస్తుంది. ముందు, వెనక గోడల పైఅంచుకూ ఈ పలకకూ మధ్య రెండు అంగుళాల సందు ఉండాలి. వేడి గాలి పైకి లేచి బయటికి పోయే దారి అదే. పాములు, ఎలుకలు దూరకుండా ఆ సందుకు సన్న కంటి ఇనుప జాలీ కొట్టండి. కోసిన జాలీ కొసలు బయటి వైపుకు మడవండి, లేకపోతే కుక్క ముక్కుకు గీసుకుంటాయి.

పలక మీద మూడు అంగుళాల ఎత్తు రీపర్లు, అంటే పొడవాటి చెక్క బద్దలు, మూడు పెట్టండి. వాటిని ముందు నుంచి వెనక్కి, వాలు వెంట పెట్టాలి. అడ్డంగా పెడితే గాలి దారి మూసుకుపోతుంది, రెండు పొరలు వేసిన ఫలితమే ఉండదు. వాటి మీద ఉబ్బులు, గాడులు ఉన్న ఇనుప రేకు. అన్ని వైపులా తొమ్మిదేసి అంగుళాలు చూరుగా బయటికి రావాలి కాబట్టి మొత్తం ఐదు అడుగులు, నాలుగు అడుగులు అవుతుంది. రెండు ముక్కలు అతకాల్సి వస్తే ఒకదాని ఉబ్బు మీద ఇంకోదాని ఉబ్బు కూర్చోబెట్టండి. స్క్రూ కూడా ఉబ్బు మీదే, రబ్బరు వాషరు వేసి బిగించాలి. నీళ్లు గాడిలో పారతాయి కదా, గాడిలో రంధ్రం పడితే మొదటి వానకే కారుతుంది. రీపర్లు ముందే ఉబ్బుల కిందకు వచ్చేలా కొలిచి పెట్టుకుంటే ఈ పని తేలిక.

రేకు పైన సున్నం పూస్తే ఎండ కొంత వెనక్కి కొడుతుంది. తాటాకు దొరికే ఊళ్లో ఉంటే అదే పరవండి, నాకు అన్నిటికంటే అదే ఇష్టం. కాకపోతే ఏటా ఎండాకాలం ముందు మార్చాలి, పాత ఆకులో తేళ్లు చేరతాయి. చెదలు పట్టకుండా చెక్కకు వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయడం చాలా చోట్ల చూశాను. దయచేసి పూయకండి, కుక్క గోడలు నాకుతుంది.

పలక స్క్రూలతో ఎందుకు బిగించామో చెప్పాలి. పిడుదులు, కొందరు గోమార్లు అంటారు, రక్తం తాగి ఉబ్బాక కుక్క మీద నుంచి దిగి గోడ ఎక్కుతాయి. కప్పు సందుల్లో, చెక్క పగుళ్లలో వేల గుడ్లు పెడతాయి. కుక్కకు ఎన్ని మందులు వాడినా గూడు అలాగే ఉంటే అవి మళ్లీ పట్టుకుంటాయి, వాటి వల్ల వచ్చే ఎర్లీషియా జ్వరం ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి కనిపించిన ప్రతి పగులూ పుట్టీతో నింపి నున్నగా రుద్దండి. నెలకోసారి పలక విప్పి, సబ్బు నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టండి. లోపల గోనె సంచులు వద్దు, ఆ నేతలో కూడా దాక్కుంటాయి. ఎండాకాలం వట్టి నేలే చాలు. చలికాలం ఉతికిన పాత బొంత వేయండి.

పగ్, బాక్సర్ లాంటి పొట్టి ముక్కు కుక్కలున్నవాళ్లు ఒక మాట వినండి. వాటికి రొప్పినా వేడి సరిగా పోదు. ఎంత మంచి గూడు కట్టినా మే నెల పగటిపూట వాటిని ఇంట్లోనే ఉంచండి. తుఫాను హెచ్చరిక ఉన్న రోజున ఏ కుక్కనైనా లోపలికి తీసుకురండి.

గొలుసు గురించి చాలామంది అడుగుతుంటారు. గూడు కుక్క ఇష్టంగా వచ్చి పడుకునే చోటు, దానికి గొలుసు కట్టే కొక్కెం బిగించకండి. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరాలు.

ఈ వారం ఇంటిపని రెండు పరీక్షలు. ఒక రోజు బకెట్ నీళ్లు కప్పు మీద, తర్వాత ముందు వైపు నుంచి ఏటవాలుగా చల్లి లోపల చెయ్యి పెట్టి తడిమి చూడండి. ఇంకో రోజు మధ్యాహ్నం రెండింటికి ఒక థర్మామీటరు చెట్టు నీడలో, ఇంకొకటి గూట్లో అరగంట వేలాడదీయండి. గోడకు పెట్టే మామూలుది చాలు, జ్వరం చూసేది పనికిరాదు. రెండూ దాదాపు ఒకేలా చూపిస్తే కప్పు కుదిరినట్టే. గూట్లోది రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే పై సందు పెంచండి, లేదా గూడు నీడకు జరపండి. ఈ రెండూ అయ్యేదాకా కుక్కను లోపలికి పిలవకండి. అన్నం గిన్నెతో గుమ్మం దాటించడం వచ్చే పాఠంలో మొదలుపెడదాం.