సైలెన్సర్ మార్చారా? రోహిణి కార్తెకు ముందే కార్బురేటర్ చూసుకోండి

పరీక్షలు అయిపోతే చాలు, మా కావలి షెడ్డుల్లో ఒకటే సందడి. సెలవుల్లో పిల్లలు బండికి బయటి సైలెన్సర్ బిగించుకుంటారు. కొందరు జెట్ కిట్ కూడా తెప్పించుకుంటారు. జెట్లంటే గాలి, పెట్రోలు కలిపే కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే రంధ్రమున్న చిన్న ముక్కలు. సైలెన్సర్ బిగించడం గంట పని, జెట్లు కుదర్చడం రెండు మూడు రోజుల పని. ఆ రెండో పనిని "తర్వాత చూద్దాంలే" అని వదిలేసి ఎండల్లో హైవే ఎక్కితే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను.

రెండేళ్ల కిందట మే నెలలో మా బావమరిది తన 180 సీసీ బండికి సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ రెండూ మార్చి, జెట్లు ముట్టుకోకుండానే ఒంగోలు బయలుదేరాడు. సింగరాయకొండ దాటాక ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు బండి బరువెక్కింది. కాసేపటికి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే టక్కుమన్నదే కానీ ఇంజిన్ తిరగలేదు. షెడ్డులో స్పార్క్ ప్లగ్గు విప్పితే కొన సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. పిస్టన్ తీసి నా చేతిలో పెట్టారు. గోరు పెడితే తగిలేంత లోతు గీతలు. ఒకపక్క అల్యూమినియం కరిగి రింగు మీదికి పాకి, రింగు గాడిలోనే అతుక్కుపోయింది. ఆ వేగంలో వెనక చక్రం పట్టేసి వాడు లారీల మధ్య పడకపోవడం మా అదృష్టం.

సైలెన్సర్ పొగను తేలిగ్గా వదిలితే ఇంజిన్ గాలిని ఎక్కువ లాగుతుంది. పాత జెట్టు మాత్రం పాత లెక్కలోనే పెట్రోలు ఇస్తుంది. మిక్చర్ లీన్ అవుతుంది, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతుంది, ఇంజిన్ హెడ్డు వేడి పెరుగుతుంది. అసలు భయం ఏమిటంటే, కాస్త లీన్‌గా ఉన్న బండి చురుగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. శబ్దం బాగుందంటే బండి బాగున్నట్టు కాదు. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అదే జెట్టుతో అది మిక్చర్‌ని ఇంకొంచెం లీన్ చేస్తుంది. కాబట్టి కిట్‌తో వచ్చిన కాగితంలోని నంబర్లు మొదలుపెట్టడానికి మాత్రమే పనికొస్తాయి. 2020 ఏప్రిల్ తర్వాతి బండ్లు చాలావరకు కార్బురేటర్ లేని ఇంజెక్షన్‌వి, వాటి సంగతి వేరు. ఇది అంతకుముందు బండ్లున్న వాళ్ళ కోసం.

జెట్టు ముట్టుకునే ముందు గాలి ఎక్కడా దొంగతనంగా పడటం లేదని తేల్చుకోండి. కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే రబ్బరు పాత బండ్లలో ఎండకి పగుళ్ళు ఇస్తుంది. చేత్తో వంచి చూస్తే సన్నటి చీలికలు కనిపిస్తాయి. దాన్ని మార్చకుండా ఎన్ని జెట్లు మార్చినా ఐడ్లింగ్ (యాక్సిలేటర్ ఇవ్వకుండా ఇంజిన్ తిరగడం) నిలబడదు. సైలెన్సర్ బెండు దగ్గర గ్యాస్కెట్ కొత్తది వెయ్యండి. అక్కడ లీకైతే యాక్సిలేటర్ వదిలినప్పుడల్లా టపటపమని పేలుతుంది, అది మిక్చర్ తప్పనుకుని మనం స్క్రూలు తిప్పుతూ కూర్చుంటాం. చీమకుర్తి వైపు తిరిగే బండ్లకైతే ఇంకో మాట. గ్రానైట్ దుమ్ములో ఫిల్టర్ లేకుండా, కార్బురేటర్ నోరు (బెల్‌మౌత్) తెరిచి తిరగడం అసలు వద్దు. ఏ జెట్టూ ఆ దుమ్ము నుంచి సిలిండర్ బోరును కాపాడలేదు.

పని మొదలుపెట్టేటప్పుడు ఇంజిన్, సైలెన్సర్ పూర్తిగా చల్లారాలి. పెట్రోల్ ట్యాప్ కట్టేసి, కార్బురేటర్ కింద గిన్నెలో పెట్రోలును స్టీలు లోటాలోకి దించి, మూతపెట్టి దూరంగా పెట్టండి. దగ్గర్లో బీడీ సిగరెట్లు వద్దు, పక్కన ఒక బకెట్ ఇసుక ఉండనివ్వండి. జెట్లు ఇత్తడివి, మెత్తన. సరిపడని స్క్రూడ్రైవర్ పెడితే గాడి చెడిపోతుంది. మూసుకుపోయిన జెట్టును సూదితోనో తీగతోనో పొడవొద్దు. రంధ్రం పెద్దదైతే దాని మీది నంబర్‌కి విలువ ఉండదు. మికునీ, కీహిన్ కంపెనీల జెట్ల మీద ఒకే నంబర్ ఉన్నా రెండూ ఒకేలా పారవు, ఒకదాని లెక్క ఇంకోదానికి వాడకండి. కొన్ని కిట్లు స్లయిడ్ (కార్బురేటర్లో గాలి దారిలో పైకీ కిందికీ కదిలే ముక్క) రంధ్రాన్ని డ్రిల్లుతో పెద్దది చెయ్యమంటాయి. అది నేను చెయ్యను, మీరూ తొందరపడకండి. జెట్టు వెనక్కి మార్చుకోవచ్చు, చేసిన రంధ్రం పూడ్చలేం.

మిక్చర్ స్క్రూ ఎటుపక్క ఉందో ముందు చూడండి. ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, బిగిస్తే రిచ్ అవుతుంది, అంటే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోల్ స్క్రూ, విప్పితే రిచ్ అవుతుంది. ఈ తేడా తెలియక ఉన్న లీన్‌ని ఇంకా లీన్ చేసుకునేవాళ్ళు ఎంతోమంది. మెల్లగా చివరిదాకా బిగించి, ఎన్ని చుట్లు పట్టిందో రాసుకుని, అన్ని చుట్లు వెనక్కి విప్పి, అక్కడి నుంచే మొదలుపెట్టండి. గట్టిగా బిగిస్తే కొన విరిగి రంధ్రంలో ఉండిపోతుంది.

ఆ తర్వాత ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. యాక్సిలేటర్ గ్రిప్పు మీద టేప్ అంటించి పావు, సగం, ముప్పావు గీతలు పెట్టుకోండి. పావు లోపు ఇబ్బంది ఉంటే పైలట్ జెట్టు (ఐడ్లింగ్‌కి పెట్రోలు ఇచ్చే చిన్న జెట్టు), స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, అంటే స్లయిడ్‌కి క్లిప్పుతో వేలాడే సూది. క్లిప్పు ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి రిచ్ అవుతుంది. ముప్పావు దాటాక మెయిన్ జెట్టు. లీనో రిచ్చో తేలకపోతే మా మెకానిక్ పెద్దాయన చెప్పిన కిటుకుంది (చోక్ లాగితే పెట్రోలు పాలు పెరుగుతుంది): "అబ్బయ్యా, అదే స్పీడులో పోతా చోక్ రవ్వంత లాగు. బండి తేరుకుంటే దానికి పెట్రోలు చాలట్లా. ఇంకా కుంటితే ఎక్కువైంది." పెట్రోలు మరీ ఎక్కువైనా మంచిది కాదు. సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి, ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. డిప్ స్టిక్ తీసి వాసన చూస్తే పెట్రోలు తెలిసిపోతుంది.

సమయం కూడా చూసుకోండి. మిట్టమధ్యాహ్నం వేడి గాలి పల్చగా ఉంటుంది కాబట్టి బండి రిచ్‌గా కనిపిస్తుంది. అది చూసి పెట్రోలు తగ్గిస్తే తెల్లవారుజామున చల్లగాలిలో లీన్ అయిపోతుంది. ఉదయం ఆరింటికి కుదర్చండి, మధ్యాహ్నం ఒకసారి సరిచూడండి. డిసెంబర్‌లో మళ్ళీ చూడాల్సిందే. ఇంజిన్ వేడెక్కాకే ట్యూన్ చెయ్యాలి. కానీ గాలి ఆడకుండా ఒకే చోట పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచొద్దు, ఎదురుగా ఫ్యాన్ పెట్టండి.

ప్లగ్గు రంగు చూడటానికి హైవే వద్దు. జనం తిరగని తిన్నటి కాలవ కట్ట రోడ్డు మీద, హెల్మెట్, బూట్లు వేసుకుని, మూడో గేరులో కాసేపు లాగి, క్లచ్ పట్టి కిల్ స్విచ్‌తో ఆపండి. తాళం తిప్పి ఆపొద్దు, హ్యాండిల్ లాక్ పడితే ప్రాణం మీదికొస్తుంది. ప్లగ్గు లేత గోధుమ రంగులో ఉంటే చాలు. తెల్లగా ఉంటే అక్కడే ఆగి, పెద్ద జెట్టు వేసేదాకా మెల్లగానే నడపండి.

శబ్దం సంగతి కూడా చెప్పాలి. పరిమితి దాటిన సైలెన్సర్‌కి మోటారు వాహనాల చట్టం కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉన్నాయి, లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది. డీబీ కిల్లర్ (శబ్దం తగ్గించే లోపలి గొట్టం) ఉన్నదే కొనండి. అది పెట్టే ట్యూన్ చెయ్యండి, తీసేస్తే లెక్క మళ్ళీ మారుతుంది.

పాత జెట్లు, పాత నీడిల్, పాత గ్యాస్కెట్ కొలత, స్క్రూ చుట్ల లెక్క ఒక కవర్లో వేసి సీటు కింద పెట్టండి. మా బావమరిది ఇప్పుడు ఆ కవర్ మీద తారీఖు కూడా రాస్తున్నాడు.