లైసెన్సు రివాల్వర్ ఉన్నవాళ్ళకి నిజంగా పనికొచ్చే సాధన

చీమకుర్తి క్వారీ యజమాని గానీ, నెల్లూరు బంగారం అంగడాయన గానీ, రొయ్యల డబ్బుతో రాత్రిపూట హైవే ఎక్కే వ్యాపారి గానీ, లైసెన్సు మీద కొనేది సాధారణంగా .32 బోరు రివాల్వరే. కొన్నాక అది బీరువాలో నగల పక్కన చేరుతుంది. ఏడాదికోసారి తీసి నూనె పూసి మళ్ళీ పెట్టేస్తారు. అవసరం వచ్చిన రోజున అలాంటి ఆయుధంతో ముందు ప్రమాదం యజమానికే. తూటాల ఖర్చు చూసి సాధన మానేస్తున్నారు గానీ, ముప్పాతిక సాధనకి తూటాయే అక్కర్లేదు.

తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు వేసి రండి. కాన్పూరు ప్రభుత్వ ఫ్యాక్టరీ రివాల్వర్లు చాలావరకు మధ్యలో మడిచి తెరుచుకుంటాయి. తెరిచి సిలిండర్‌లో తూటాలు పట్టే ఆరు గదులూ కంటితో చూసి, వేలితో కూడా తడమండి. గురి ఇటుక గోడ వైపే ఉండాలి. వీధి కిటికీ వైపు, పిల్లలు పడుకున్న గది వైపు వద్దు. ఊరికే ఖాళీ గదుల మీద గుర్రం (తూటాని కొట్టే సుత్తి) కొడుతూ పోతే దాని మొన దెబ్బతింటుంది, అందుకని రంగు ప్లాస్టిక్ డమ్మీ తూటాలు వేసుకోండి. ఇప్పుడు గొట్టం మీద, గురి చూసే ముందు సైటు వెనక, రూపాయి బిళ్ళ పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. బిళ్ళ పడకూడదు. పడుతుంది, ఎందుకంటే డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ (ఒక్క నొక్కుతోనే గుర్రం లేచి కొట్టేది) బరువు. వేలితో పాటు పిడికిలంతా బిగిస్తారు, గొట్టం కిందికి వాలుతుంది. కుడిచేతివాళ్ళ గుళ్ళు చాలావరకు కిందికీ ఎడమకీ పడేది ఇందుకే. చూపుడు వేలి మొదటి కణుపు మాత్రమే కదలాలి. రోజూ పది నిమిషాలు చాలు.

ముగించగానే "అయిపోయింది" అని పైకే అనండి. నిజం తూటాలు నింపాక "ఇంకొక్కసారి" అని నొక్కినప్పుడే ఇళ్ళల్లో ప్రమాదాలు జరుగుతాయి.

హోల్‌స్టర్‌లోంచి, అంటే నడుము ఒరలోంచి, రివాల్వర్ తీయడం ఇంకో పని. ఎడమచేత్తో చొక్కా ఎత్తాలి. కుడిచెయ్యి హోల్‌స్టర్‌లోనే పిడిని పూర్తిగా పట్టాలి. నిటారుగా పైకి లాగి గొట్టం ముందుకి తిప్పాలి. ఛాతీ దగ్గర ఎడమచెయ్యి కలిపి ముందుకి చాపాలి. కాల్చాలని తేల్చుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు, ఫ్రేము మీదే. లుంగీ మడతలోనో ప్యాంటు జేబులోనో పెట్టుకునే అలవాటు ఉంటే ఈ నాలుగు మెట్లూ పనికిరావు. ట్రిగ్గర్‌ని కప్పే హోల్‌స్టర్, మందపాటి బెల్టు తప్పదు. బహిరంగ స్థలంలో హోల్‌స్టర్‌లో, పైకి కనబడకుండా ఉంచాలన్నది నిబంధన కూడా.

కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగులు సుమారు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడని 1983లో అమెరికన్ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ చూపించాడు. మీ గేటు నుంచి వరండా దాకా కొలుచుకోండి, బహుశా అంతే ఉంటుంది. కాబట్టి నిలబడిన చోటే తీయడం కాదు, రెండడుగులు పక్కకి జరుగుతూ తీయడం నేర్వాలి. కారుంటే సీటు బెల్టు విప్పి దిగడం, స్కూటీ మీదైతే అసలు తీయకుండా యాక్సిలేటర్ తిప్పేయడం సాధన చేయండి. మా లెక్కలో ఈ చివరిదే అన్నిటికన్నా పనికొస్తుంది.

కేకలు కూడా సాధన చేయాలి. "ఆడే ఆగు! దగ్గరికి రావాకు!" అని మీ నోటికి వచ్చే మాటల్లోనే. ఇంట్లోవాళ్ళని ఒక్కోసారి కర్రతో, ఒక్కోసారి సెల్‌ఫోనుతో చీకటి గదిలోకి రమ్మనండి. వాళ్ళ చేతిలో ఏముందో ఎడమచేతి టార్చి వేసి చూసి చెప్పాలి. ఈ ఆటలో రివాల్వర్ బీరువాలోనే ఉండాలి, చూపుడు వేలు చాలు.

నిజం తూటాలు అనుమతి ఉన్న షూటింగ్ రేంజిలోనే. చెరువు గట్టు మీద, సరుగుడు తోపులో వద్దు: .32 గుండు కిలోమీటరు దాకా పోగలదు, నీళ్ళకి ఏటవాలుగా తగిలితే ఎగిరి ఎటో పోతుంది. పెళ్ళిలో సరదాకి కాల్చినా ఆయుధాల చట్టం 2019 సవరణ ప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. రేంజిలో 24 తూటాలు చాలు. ఎనిమిది అంగుళాల పేపరు ప్లేటు పెట్టి మూడు మీటర్ల నుంచి ఆరు నిదానంగా, అయిదు మీటర్ల నుంచి రెండేసి చొప్పున ఆరు, ఏడు మీటర్ల నుంచి ఆరు, చివరి ఆరు ఒంటి చేత్తో మళ్ళీ మూడు మీటర్ల నుంచి. తూటా పేలకపోతే రేంజిలో గొట్టం ముందుకే పెట్టి 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలొచ్చు. శబ్దం తుస్సుమంటే వెంటనే ఆపేయాలి. గుండు గొట్టంలో ఇరుక్కుని ఉంటే తర్వాతది గొట్టాన్నే పగలగొడుతుంది.

భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. అవసరమైనంతకు మించి హాని చేసే హక్కు లేదని 37 చెబుతుంది. బ్యాగు లాక్కుని పారిపోయేవాడి వీపు మీద కాలిస్తే కోర్టులో నిలబడడం చాలా కష్టం. కాల్చాల్సే వస్తే 112కి ఫోను, దెబ్బ తగిలినవాడికి 108. సిలిండర్‌లో ఖాళీ డొప్పలు తీయకుండా అలాగే పోలీసులకి ఇవ్వండి.

సముద్రం దగ్గరున్న ఊళ్ళల్లో ఉప్పుగాలికి, చెమటకి తుప్పు తొందరగా పడుతుంది. వారానికోసారి పొడిగుడ్డ, ఆపైన పలచగా నూనె. ఎన్నికలప్పుడు స్టేషన్లో జమ చేస్తే రసీదు తీసుకోండి. తిరిగొచ్చాక గొట్టంలో టార్చి వేసి చూసి, రూపాయి బిళ్ళ పరీక్ష అయ్యాకే తూటాలు నింపండి.