ఊళ్లో పాముకాటు శిక్షణ ఎలా పెట్టాలి?

శ్రీకాకుళం జిల్లాలో ఈ శిక్షణ ఉభాలు (వరినాట్లు) మొదలవకముందే, జూన్‌లోనే అయిపోవాలి. నాట్లు పడ్డాక పిలిస్తే ఎవరూ రారు. ఉద్దానం వైపు ఫిబ్రవరిలో ఇంకోసారి పెట్టాలి, ఎందుకంటే జీడిపిక్కలు ఏరేవాళ్లు రాలిన ఆకుల్లోకి చెయ్యి పెడతారు, కాటు చేతి మీదే పడుతుంది. అంబులెన్స్‌లో ఈఎంటీగా, అంటే దారిలో అత్యవసర వైద్యం చేసే ఉద్యోగిగా పనిచేస్తూ ఏటా ఈ రెండు కాలాల్లో ఊళ్లకు వెళ్తుంటాను. బ్యానర్ కట్టి, గంటసేపు ఉపన్యాసం ఇచ్చి, ఫొటో దిగి వచ్చేసే సదస్సులు చాలా చూశాను. మళ్లీ అదే ఊరి నుంచి కాలికి తాడు బిగించిన మనిషిని బండి ఎక్కించుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

కావలసినవి తక్కువే. నాలుగు నూలు తువ్వాళ్లు, రెండు వెదురు బద్దలు, ఒక నులక మంచం, ఒక ఫోను. రామమందిరం అరుగు చాలు. రాత్రి ఏడు దాటాక పెట్టండి. ముప్ఫై మందికి మించితే చేత్తో చేయించడం కుదరదు. ఆడవాళ్లు ముందు వరసలోనే కూర్చోవాలి, ఇంట్లో ఎవరికైనా కాటు పడితే మొదట పరిగెత్తి వచ్చేది వాళ్లే. ఆశా కార్యకర్త తప్పకుండా ఉండాలి. అంబులెన్స్ సిబ్బందిని పిలవండి గానీ, కాల్ వస్తే వాళ్లు మధ్యలోనే లేచి వెళ్లిపోవాలి. కాబట్టి ఊళ్లో ఒకరు ముందే అంతా నేర్చుకుని సిద్ధంగా ఉండాలి.

ప్రొజెక్టర్ వద్దు, పాముల బొమ్మలూ వద్దు. బొమ్మలు చూపిస్తే జనం ధ్యాసంతా ఏ పామో పోల్చుకోవడం మీదే ఉంటుంది. రేపు కాటు పడితే కర్రలు పట్టుకుని పాము వెంట పడతారు, అరగంట పోతుంది. చంపిన పామును సంచిలో వేసి తెచ్చేవాళ్లున్నారు. తెగిన తల కూడా కాసేపు కాటేయగలదు. అసలు ఆ పాముతో పనే లేదు. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విషం విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి చేసిందే. లక్షణాలు చూసి డాక్టర్లు మందిస్తారు. "పిల్లాడికి సగం డోసేనా" అని చాలామంది అడుగుతారు. కాదు, పెద్దవాళ్లకిచ్చినంతే ఇస్తారు. పాము పిల్లాడని తక్కువ విషం ఎక్కించదు కదా.

కట్లపాము గురించి మాత్రం రెండు మాటలు చెప్పాలి. అది రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగ్గా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుని సోడా పట్టిస్తారు. కనురెప్పలు వాలిపోతున్నా, మింగడం కష్టమవుతున్నా అది గ్యాస్ కాదు. మంచం మీద పడుకోవడం, దోమతెర అంచు పరుపు కిందికి దోపడం, రాత్రి టార్చి లేకుండా గుమ్మం దాటకపోవడం, ఈ మూడూ చెప్పి ముందుకు వెళ్లండి.

ఇక అసలు కష్టమైన పని తాడుతో బిగించి కట్టే అలవాటు మాన్పించడం. శిక్షణలో సగం సమయం దీనికే ఇవ్వాలి.

"కట్టకపోతే విసం గుండెకెక్కిపోదేటి బావూ?" ప్రతి ఊళ్లోనూ ఈ ప్రశ్న వస్తుంది. అడిగినవాళ్లను కసురుకోవద్దు. తాతల నాటి నుంచి చూసింది అదే. మీరు "కట్టకూడదు" అని ఊరుకుంటే అందరూ తలూపుతారు, ఇంటికెళ్లి మళ్లీ తాడే వెతుకుతారు. ఎందుకు కూడదో చెప్పాలి. బిగించి కడితే ఆ కాలికి రక్తం ఆగిపోతుంది. రక్తపింజర విషమైతే కాటు పడిన చోట కండను తినేస్తుంది. కట్టు ఆ విషాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది, కాలు పోతుంది. దీనికంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. "కట్టాం కదా" అన్న ధీమాతో ఇంట్లోవాళ్లు నిదానిస్తారు, మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్తారు, వేపాకు నమిలించి చేదు తెలుస్తోందో లేదో చూస్తారు. ప్రాణం పోయేది ఈ ఆలస్యంలోనే.

మాట చెప్పి ఆగొద్దు, చేతికి పని ఇవ్వండి. ఒకరిని మంచం మీద పడుకోబెట్టి, కాలికి రెండువైపులా వెదురు బద్దలు పెట్టి, తువ్వాలుతో వదులుగా చుట్టించండి. కాలు విరిగితే కదలకుండా ఎలా కడతారో, అలా. చుట్టాక తువ్వాలు కిందికి వేలు సులువుగా దూరాలి. దూరకపోతే విప్పించి మళ్లీ చుట్టించండి. మొదటిసారి పదిమందిలో తొమ్మిదిమంది బిగించేస్తారు, చేతులకు ఆ అలవాటు ఉంది. క్రేప్ బ్యాండేజీ ఇవ్వొద్దు, దాని సాగుడుకి తెలియకుండానే బిగుస్తుంది. నూలు తువ్వాలే వాడాలి. చుట్టాక కాలి గోళ్ల రంగు చూడమనండి, మారితే బిగిసిందన్నమాట.

తువ్వాలు చుట్టే ముందే మెట్టెలు, పట్టీలు తీయించాలి. కాటు చేతికైతే ఉంగరాలు, గాజులు. ఒకావిడ పాదం గంటలో రొట్టెలా పొంగి, మెట్టె కండలోకి దిగిపోయింది. దాన్ని కత్తిరించి తీయాల్సి వచ్చింది.

ఇంకొక జాగ్రత్త. మీరు వెళ్లేసరికి ఎవరో ముందే తాడు బిగించేసి ఉంటే, అక్కడికక్కడ విప్పకండి. ఆగి ఉన్న విషం ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్తుంది. ఆసుపత్రిలో డాక్టరు మందు సిద్ధం చేసుకున్నాకే విప్పాలి. శిక్షణ పొందినవాళ్లే కంగారులో ఈ తప్పు చేస్తారు, కాబట్టి ఈ మాట మూడుసార్లు చెప్పండి. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏవీ వద్దు.

మిగిలింది తీసుకెళ్లడం. మనిషిని నడిపించకూడదు, మంచం మీదే మోసుకురావాలి. వాంతులవుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అంబులెన్స్ ఆలస్యమయ్యేలా ఉంటే బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి ఎదురు వెళ్లండి.

చివర్లో 108కి ఎలా చెప్పాలో చేయించండి, నిజంగా కాల్ చేయకుండా. 2005 ఆగస్టు 15న మొదలైన నంబరు ఇది. ఇప్పటికీ "మా ఊరు రండి" అనే అంటారు. మండలం, ఊరు, వీధి, దగ్గర్లోని గుడో బడో, కాటు ఎన్ని గంటలకు పడింది, ఈ వరసలో చెప్పాలి. ఒకరు టార్చి పట్టుకుని రోడ్డు మీద నిలబడాలి.

నెల తర్వాత ఆ ఊరికి మళ్లీ వెళ్లండి. ఆ రోజు రానివాళ్లను ఒకరిని పిలిచి చేతికి తువ్వాలు ఇవ్వండి. వాళ్లు వదులుగా చుట్టారంటే, వచ్చినవాళ్లు ఇంటికెళ్లి చెప్పారన్నమాట. బిగించారంటే ఇంకోసారి పెట్టాలి.